డాబా మీది ఎండ: ఏ యూనిట్టుకు ఎంత విలువ?

ఒకే వీధిలో రెండు ఇళ్ళు ఉన్నాయనుకుందాం. రెండు డాబాల మీదా ఒకే రకం సౌరఫలకాలను, ఒకే రోజున, ఒకే వాలులో బిగించారు. రెండింటి మీదా పడే ఎండ ఒక్కటే కనుక అవి తయారుచేసే విద్యుత్తు కూడా ఒక్కటే. అయినా మొదటి ఇంటివారు పెట్టిన డబ్బు మూడేళ్ళ లోపుగానే తిరిగి వస్తుంది. రెండో ఇంటివారికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఇలా ఎందుకు జరుగుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవటానికి భౌతికశాస్త్రం కొంత కావాలి. కూడికలు, తీసివేతలు, భాగహారాలు కొంత కావాలి. వీటితోపాటు మీ ఇంటి కరెంటు బిల్లు కూడా కావాలి. ఇంట్లో పెద్దలనడిగి గత నెల బిల్లును దగ్గర పెట్టుకుని ఈ వ్యాసం చదవండి.

ఒక కిలోవాటు ఫలకం ఎంత ఇస్తుంది?

కాంతి పడినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరల్ గమనించాడు. పనికివచ్చే సిలికాన్ సౌరఘటం మాత్రం 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైంది. దాని మీద పడిన కాంతిశక్తిలో అది సుమారు 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగింది. నేడు ఇళ్ళ మీద బిగిస్తున్న ఫలకాలు సుమారు 20 శాతాన్ని మారుస్తున్నాయి.

ఫలకం సామర్థ్యాన్ని కిలోవాట్లలో చెబుతారు. చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి పడుతూ, ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ఎంత విద్యుత్తు వస్తుందో అదే దాని సామర్థ్యం. 20 శాతం మార్చే ఫలకమైతే ఒక కిలోవాటుకు 5 చదరపు మీటర్లు చాలు. మధ్యలో నడవటానికి, నీడ తగలకుండా ఉండటానికి వదిలే ఖాళీతో కలిపి డాబా మీద సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి.

కిలోవాటు అంటే శక్తిని ఇచ్చే వేగం. మనం డబ్బు చెల్లించేది శక్తికి. 1000 వాట్ల చొప్పున ఒక గంటసేపు వాడితే అది ఒక కిలోవాట్-గంట. దానినే మనం 'యూనిట్టు' అంటాము. ఒక యూనిట్టు 36 లక్షల జౌళ్ళకు సమానం.

మన ప్రాంతంలో రోజు మొత్తం మీద పడే ఎండను, చదరపు మీటరుకు 1000 వాట్ల చొప్పున పడే నిండు ఎండగా లెక్కకడితే, సంవత్సర సగటున సుమారు 5 గంటలవుతుంది. ఆ లెక్కన ఒక కిలోవాటు ఫలకం రోజుకు 5 యూనిట్లు ఇవ్వాలి. కాని ఫలకం మీద దుమ్ము పడుతుంది. తీగలలో కొంత శక్తి వేడిగా పోతుంది. అన్నిటికంటె ముఖ్యంగా ఫలకమే వేడెక్కుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం విద్యుత్తు తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీలకు చేరితే 16 శాతం తగ్గినట్లే. ఎండ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటాము గాని, ఫలకానికి కావలసింది వెలుగే తప్ప వేడి కాదు. ఇవన్నీ పోగా రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు మిగులుతాయి. ఈ 120ని గుర్తుంచుకోండి. ఇకముందు మన లెక్కలన్నీ దీని మీదనే.

రెండు వైపులా లెక్కించే మీటరు

ఫలకం నుంచి వచ్చేది ఏకముఖ విద్యుత్తు. మన ఫ్యాన్లు, లైట్లు నడిచేది సెకనుకు 50 ఆవృత్తాల ఏకాంతర విద్యుత్తుతో. ఈ మార్పు చేసే పరికరాన్ని ఇన్వర్టర్ అంటారు. అక్కడినుంచి విద్యుత్తు ముందుగా ఇంట్లో నడుస్తున్న పరికరాలకు పోతుంది. మిగిలినది వీధి తీగలలోకి పోతుంది. సాయంత్రం ఎండ తగ్గాక మళ్ళీ వీధి తీగలనుంచే మనం తీసుకుంటాము.

ఇటువంటి ఇంటికి రెండు వైపులా లెక్కించే మీటరు పెడతారు. తీసుకున్న యూనిట్లనుంచి ఇచ్చిన యూనిట్లను తీసివేసి, తేడాకే బిల్లు వేస్తారు. దీనికి 'నెట్ మీటరింగ్' అని పేరు. ఒక నెల ఇచ్చినది ఎక్కువైతే ఆ మిగులు తరువాతి నెల ఖాతాలోకి మారుతుంది. నిర్ణీత కాలం చివర కూడా మిగులు ఉంటే, దానికి పంపిణీ సంస్థ ఒక ధర కట్టి ఇస్తుంది. ఎక్కువ వాడే ఇంటివారు తమ చివరి యూనిట్లకు చెల్లించే ధరతో పోలిస్తే ఆ ధర చాలా తక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. డాబా మీద ఫలకాలుంటే కరెంటు పోయినప్పుడు కూడా ఇంట్లో దీపాలు వెలుగుతాయని అనుకుంటారు. బ్యాటరీ లేని ఏర్పాటులో అలా జరగదు. వీధి తీగలలో విద్యుత్తు ఆగిపోగానే ఇన్వర్టర్ కూడా తనంతట తానే ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న కార్మికుడికి మన ఇంటి విద్యుత్తు తగిలి ప్రాణం మీదికి వస్తుంది.

బిల్లు ఒక దొంతర

ఇక అసలు లెక్కలోకి వద్దాం. కొట్లో కిలో పంచదార కొన్నా పది కిలోలు కొన్నా కిలో ధర ఒక్కటే. ఎక్కువ కొంటే ఒక్కొక్కసారి కొంత తగ్గిస్తారు కూడా. కరెంటు విషయంలో ఇది తలక్రిందులు. ఎక్కువ వాడినకొద్దీ యూనిట్టు ధర పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరానికి ఇళ్ళకు నిర్ణయించిన ధరలు ఇవి:

నెలకు మొదటి 30 యూనిట్లకు: యూనిట్టు 1.90 రూపాయలు
31 నుంచి 75 వరకు: 3.00 రూపాయలు
76 నుంచి 125 వరకు: 4.50 రూపాయలు
126 నుంచి 225 వరకు: 6.00 రూపాయలు
226 నుంచి 400 వరకు: 8.75 రూపాయలు
400 దాటిన ప్రతి యూనిట్టుకు: 9.75 రూపాయలు

ఒక్కొక్క మెట్టును 'శ్లాబు' అంటారు. అటకమీద ఒకదానిపై ఒకటి పేర్చిన కుండల దొంతరను ఊహించుకోండి. అడుగున ఉన్న కుండ చవకది, పైకి పోయేకొద్దీ ఖరీదైనవి. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటి దొంతర ఇలా ఉంటుంది:

30 యూనిట్లు × 1.90 = 57.00
45 యూనిట్లు × 3.00 = 135.00
50 యూనిట్లు × 4.50 = 225.00
100 యూనిట్లు × 6.00 = 600.00
75 యూనిట్లు × 8.75 = 656.25
మొత్తం 1,673 రూపాయల 25 పైసలు.

దీనికి తోడు స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీల వంటివి బిల్లులో ఉంటాయి. లెక్క తేలికగా ఉండటానికి వాటిని ప్రస్తుతం పక్కన పెడదాం. మొత్తాన్ని 300తో భాగిస్తే సగటున యూనిట్టుకు సుమారు 5.58 రూపాయలు పడింది. కాబట్టి సౌరఫలకం ఇచ్చే ప్రతి యూనిట్టుకు 5.58 రూపాయలు ఆదా అవుతాయని చెప్పవచ్చునా? చెప్పకూడదు.

పై కుండే ముందు దిగుతుంది

దొంతరలోనుంచి కుండ తియ్యాలంటే పైనున్నదాన్నే ముందు తియ్యాలి కదా! సౌరవిద్యుత్తు కూడా మన బిల్లులో అంతే చేస్తుంది. అది ముందుగా తీసేది అన్నిటికంటె ఖరీదైన యూనిట్లను.

300 యూనిట్ల ఇంటివారు ఒక కిలోవాటు ఫలకం పెట్టారనుకుందాం. 120 యూనిట్లు తగ్గి బిల్లు 180 యూనిట్లకు వస్తుంది. అప్పుడు చెల్లించవలసినది 747 రూపాయలు. అంటే ఆదా 926 రూపాయల 25 పైసలు. దీన్ని 120తో భాగిస్తే యూనిట్టుకు సుమారు 7.72 రూపాయలు మిగిలినట్లు. ఇది సగటు ధర కన్నా ఎక్కువ.

రెండో కిలోవాటు పెడితే బిల్లు 60 యూనిట్లకు దిగుతుంది. చెల్లించేది 147 రూపాయలు. రెండో కిలోవాటు వల్ల అదనంగా మిగిలినది 600 రూపాయలు. అంటే యూనిట్టుకు సరిగ్గా 5 రూపాయలు.

మూడో కిలోవాటు పెడితే? ఇంకా తీయటానికి 60 యూనిట్లే ఉన్నాయి. వాటి విలువ 147 రూపాయలు. మిగతా 60 యూనిట్లు ప్రతి నెలా మిగులుగా వీధి తీగలలోకి పోతాయి. వాటికి వచ్చేది చివర సంస్థ కట్టే స్వల్పమైన ధర మాత్రమే.

ఒకే డాబా మీద, ఒకే ఎండలో, ఒకే రకం ఫలకాలు. అయినా మొదటి కిలోవాటు నెలకు 926 రూపాయలు సంపాదించింది. రెండోది 600 సంపాదించింది. మూడోది 147 రూపాయలకు కాస్త పైన. ఎండను విద్యుత్తుగా మార్చేది ఫలకమే అయినా, ఆ విద్యుత్తుకు విలువ కట్టేది శ్లాబుల పట్టిక.

రాయితీ ఏం చేస్తుంది?

ఇళ్ళ పైకప్పుల మీద సౌరవిద్యుత్తును పెంచటానికి కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'పి.ఎం. సూర్యఘర్' పథకాన్ని ప్రారంభించింది. కోటి ఇళ్ళు లక్ష్యంగా 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. ఈ పథకం ప్రకారం మొదటి కిలోవాటుకు 30 వేల రూపాయలు, రెండో కిలోవాటుకు మరో 30 వేలు, మూడోదానికి 18 వేలు రాయితీ. అంటే మొత్తం 78 వేలు. ఆపైన అయిదు కిలోవాట్లు పెట్టినా, పది పెట్టినా రాయితీ 78 వేలే. ఫలకాలలోని సౌరఘటాలు కూడా మన దేశంలో తయారైనవే అయి ఉండాలి.

ఈ రాయితీ బిగించిన తరువాత, అన్నీ సరిగా ఉన్నాయని తేలాక, ఇంటివారి బ్యాంకు ఖాతాలో పడుతుంది. కనుక ముందుగా మొత్తం డబ్బు సమకూర్చుకోవాలి. అప్పు తెచ్చుకుంటే వడ్డీని కూడా లెక్కలో వేసుకోవాలి.

బిగించటానికి అయ్యే ఖర్చు ఊరిని బట్టి, సరుకును బట్టి మారుతుంది. మన లెక్క కోసం కిలోవాటుకు 60 వేల రూపాయలు అనుకుందాం. 300 యూనిట్ల ఇంట్లో పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందో చూద్దాం.

మొదటి కిలోవాటు: చేతినుంచి పెట్టింది 30 వేలు. నెలకు మిగిలేది 926 రూపాయలు. భాగిస్తే 32 నెలల పైన, అంటే సుమారు 2 సంవత్సరాల 8 నెలలు.

రెండో కిలోవాటు: 30 వేలను 600తో భాగిస్తే 50 నెలలు, అంటే 4 సంవత్సరాల 2 నెలలు.

మూడో కిలోవాటు: రాయితీ 18 వేలే కనుక చేతినుంచి 42 వేలు పెట్టాలి. నెలకు మిగిలేది 147 రూపాయలు. 286 నెలలు, అంటే సుమారు 24 సంవత్సరాలు! మిగులుకు వచ్చే ధరను కలుపుకుంటే ఇది కొంత తగ్గుతుంది. అయినా ఫలకాల తయారీదారులు సాధారణంగా హామీ ఇచ్చేదే 25 ఏళ్ళకు. ఇన్వర్టర్‌ను అంతకంటె ముందే ఒకసారైనా మార్చవలసి రావచ్చు.

రాయితీ అసలే లేకపోతే మొదటి కిలోవాటుకు సుమారు 5 సంవత్సరాల 5 నెలలు, రెండోదానికి 8 సంవత్సరాల 4 నెలలు పట్టేది. అంటే రాయితీ ఆ కాలాన్ని సగానికి తగ్గించింది. మంచిదే. కాని '78 వేల రాయితీ వస్తుంది గదా' అని ఈ ఇంటివారు మూడు కిలోవాట్లు పెడితే, చివరి 18 వేల కోసం 42 వేలు సొంత డబ్బును చాలాకాలం కదలకుండా బంధించినట్లవుతుంది. ఎన్ని కిలోవాట్లు కావాలో రాయితీ మొత్తాన్ని చూసి నిర్ణయించకూడదు. దొంతరలో పై కుండలెన్ని ఉన్నాయో చూసి నిర్ణయించాలి.

మరి మూడో కిలోవాటు ఎవరికీ పనికిరాదా? పనికివస్తుంది. నెలకు 450 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. ఆ ఇంటి బిల్లు 3,035 రూపాయల 75 పైసలు. మొదటి కిలోవాటు అక్కడ నెలకు 1,100 రూపాయలు మిగులుస్తుంది. రెండోది 1,008 రూపాయల 75 పైసలు, మూడోది 667 రూపాయల 50 పైసలు మిగులుస్తాయి. కనుక ఆ ఇంట్లో మూడో కిలోవాటుకు పెట్టిన 42 వేలు 5 సంవత్సరాల 3 నెలలకే తిరిగి వస్తాయి. ఇందాక 24 ఏళ్ళు పట్టిందీ, ఇప్పుడు అయిదేళ్ళు పట్టిందీ ఒకే ఫలకం, ఒకే రాయితీ!

ఇప్పుడు నెలకు 100 యూనిట్లే వాడే చిన్న ఇంటిని చూడండి. బిల్లు 304 రూపాయల 50 పైసలు. ఒక కిలోవాటు పెడితే ఆ బిల్లంతా పోతుంది. కాని పోయింది చవక యూనిట్లే. 30 వేలు తిరిగి రావటానికి 8 సంవత్సరాల 2 నెలలు పడుతుంది. వ్యాసం మొదట్లో చెప్పిన రెండు ఇళ్ళు ఇవే. ఒకటి 300 యూనిట్ల ఇల్లు, మరొకటి 100 యూనిట్ల ఇల్లు.

మెట్టు కాదు, గోడ

తెలంగాణలో శ్లాబుల పద్ధతి కొంత వేరు. అక్కడ 2022-23లో నిర్ణయించిన ధరల ప్రకారం, నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40, తరువాతి 100కు 4.80 రూపాయలు. 200 యూనిట్లు వాడితే 820 రూపాయలవుతుంది. కాని వాడకం 200 దాటిందా, మొదటి 200 యూనిట్ల ధర కూడా మారి 5.10 అయిపోతుంది. ఆపైన 300 వరకు 7.70. అంటే 220 యూనిట్లు వాడిన ఇంటికి 1,020కి మరో 154 కలిపి 1,174 రూపాయలు పడుతుంది. 20 యూనిట్లు ఎక్కువ వాడినందుకు 354 రూపాయలు ఎక్కువ. యూనిట్టుకు 17 రూపాయల 70 పైసలు పడినట్లు! ఇది మెట్టులా కాక గోడలా ఉంది. అటువంటి ఇంట్లో బిల్లును గోడకు ఇవతలికి దించే ఆ కొద్ది యూనిట్లకే అన్నిటికంటె ఎక్కువ విలువ. వాటిని ఫలకంతో తగ్గించవచ్చు. పాత ఫ్యానును తక్కువ విద్యుత్తు వాడే ఫ్యానుతో మార్చి కూడా తగ్గించవచ్చు.

ఇక 2024లో తెలంగాణ ప్రభుత్వం 'గృహజ్యోతి' పథకం క్రింద, నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హతగల కుటుంబాలకు ఉచితంగా విద్యుత్తు ఇవ్వటం మొదలుపెట్టింది. అటువంటి ఇంటివారు 180 యూనిట్లు వాడితే బిల్లు సున్నా. ఆ డాబా మీద ఫలకం పెడితే ఎంత మిగులుతుంది? సున్నాలోనుంచి ఏం తీసివేసినా వారికి మిగిలేది సున్నాయే. ఫలకం విద్యుత్తు చేస్తుంది, బొగ్గు ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది. కాని ఆ ఇంటివారి చేతికి మాత్రం మిగులును అమ్మితే వచ్చేది తప్ప పైసా రాదు. లాభం చేరేది ఆ ఉచిత విద్యుత్తుకు డబ్బు చెల్లిస్తున్న ప్రభుత్వానికి. కనుక ఇటువంటి ఇళ్ళమీద ఫలకాలు కావాలంటే ఖర్చులో పెద్దభాగం ప్రభుత్వమే పెట్టుకోవటం న్యాయం. లాభం ఎవరికో, ఖర్చు కూడా వారిదే కావాలి గదా!

తగ్గిన డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

ఆలోచించే విద్యార్థికి మరో సందేహం రావాలి. 30 యూనిట్ల లోపు వాడే గుడిసెకు యూనిట్టు 1.90కి ఇస్తున్నారు. విద్యుత్తును తయారుచేసి, తీగలమీద తెచ్చి ఇంటికి చేర్చటానికి సంస్థకు అంతకంటె చాలా ఎక్కువ ఖర్చవుతుంది. ఆ లోటును ఎవరు పూడుస్తున్నారు? కొంత ప్రభుత్వం ఇస్తుంది. కొంత పై శ్లాబులవారు, వ్యాపారస్థులు ఎక్కువ ధర చెల్లించటం వల్ల వస్తుంది. దీన్నే ఒకరి భారాన్ని మరొకరు పంచుకోవటం అంటాము.

పై శ్లాబులవారికి సొంత డాబా ఉంటుంది, పెట్టుబడి ఉంటుంది, లాభం కూడా ఎక్కువే. కనుక ఫలకాలు ముందుగా పెట్టుకునేది వాళ్ళే. అలా పెట్టుకున్నకొద్దీ సంస్థకు ఎక్కువ ధర చెల్లించే యూనిట్లు తగ్గిపోతాయి. కాని స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు అలాగే ఉండాలి. రాత్రి ఆ ఇళ్ళకు కూడా అవే దిక్కు. వాటి ఖర్చును అద్దె ఇళ్ళలో ఉండేవారి మీద, డాబా లేనివారి మీద వెయ్యకుండా ఎలా పంచాలి? ఇది ఇంకా తేలని ప్రశ్న. ధరలు నిర్ణయించే ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. అక్కడ ఎవరైనా మాట్లాడవచ్చు. శ్లాబుల లెక్క తెలిసినవారు అక్కడ మాట్లాడితే దానికి బలం ఉంటుంది.

గంటను బట్టి ధర

ఈ ప్రశ్న మనకంటె ముందు ఎదురైన చోటు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. అక్కడ కూడా చాలాకాలం నెట్ మీటరింగ్ పద్ధతి ఉండేది. వీధి తీగలలోకి ఇచ్చిన యూనిట్టుకు దాదాపు కొన్న ధరే లెక్కకట్టేవారు. లక్షలాది ఇళ్ళమీద ఫలకాలు వెలిశాయి. దాంతో మధ్యాహ్నం విద్యుత్తు వెల్లువలా వచ్చి, సూర్యాస్తమయం వేళకు ఒక్కసారిగా కొరత మొదలయ్యేది. ఇతర కేంద్రాలు అందించవలసిన విద్యుత్తును గంటగంటకూ గీతగా గీస్తే పొట్ట క్రిందికి జారి, మెడ పైకి లేచిన బాతులా కనిపిస్తుంది. అందుకే 2013లో అక్కడి ఇంజనీర్లు గీసిన ఆ గీతకు 'బాతు గీత' అనే పేరు వచ్చింది.

ఎవరికీ అంతగా అవసరం లేని వేళ ఇచ్చిన యూనిట్టుకు, అందరికీ అవసరమైన వేళ తీసుకున్న యూనిట్టుకు ఒకే ధర ఎందుకన్న వాదం బయలుదేరింది. 2023 ఏప్రిల్ మధ్యనుంచి కొత్తగా చేరేవారికి అక్కడ పద్ధతి మార్చారు. ఇచ్చిన యూనిట్టుకు ఆ గంటలో దాని అవసరాన్ని బట్టి ధర. సగటున ఆ ధర పూర్వంకంటె నాలుగింట మూడు వంతులు తగ్గింది. వెంటనే కొత్తగా ఫలకాలు పెట్టేవారు తగ్గారు. పెట్టేవారిలో ఎక్కువమంది బ్యాటరీ కూడా పెట్టసాగారు. పగటి యూనిట్టును దాచి సాయంత్రం వాడుకుంటేనే లాభం గదా! సూర్యుడు మారలేదు, ఫలకం మారలేదు. ధరల పట్టిక మారేసరికి డాబా మీది ఏర్పాటే మారిపోయింది.

మన దేశంలో కూడా 2023 జూన్‌లో కేంద్రప్రభుత్వం ఇటువంటి నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం ఎండ ఉండే గంటలలో ధర మామూలు ధరకంటె కనీసం 20 శాతం తక్కువగా, ఎక్కువమంది వాడే గంటలలో దానికంటె ఎక్కువగా ఉండాలి. ముందు పెద్ద వ్యాపారాలకు, పరిశ్రమలకు, ఆపై వ్యవసాయం తప్ప మిగతా వినియోగదారులకు, స్మార్ట్ మీటర్లు పెట్టినకొద్దీ వర్తింపజేయాలన్నది ఉద్దేశం. ఆ పద్ధతి ఇళ్ళదాకా వచ్చినప్పుడు నీళ్ళ మోటారును మధ్యాహ్నం వేసే ఇంటికి ఒక లెక్క, రాత్రి వేసే ఇంటికి మరో లెక్క అవుతుంది. కాబట్టి ఇవాళ్టి ధరలతో 25 ఏళ్ళకూ లెక్కకట్టి, ఇంత లాభం ఖాయమని చెప్పేవారి మాటను కొంచెం తగ్గించుకుని వినాలి.

మీరే చేసి చూడండి

1. గత 12 నెలల బిల్లులు సేకరించండి. ఏ నెలలో ఎన్ని యూనిట్లు వాడారో గీతపటం గీయండి. ఒక్క మే నెల బిల్లు చూసి ఫలకాల పరిమాణం నిర్ణయించకూడదు. ఎందుకో ఆలోచించండి.

2. మీ బిల్లు మీద ఉన్న శ్లాబుల ధరలతో మీ ఇంటి దొంతర తయారుచేయండి. ధరలు మారుతుంటాయి కనుక ఈ వ్యాసంలోని ధరలు కాక, మీ బిల్లులో ఉన్నవే వాడండి.

3. దొంతర పైనుంచి 120 యూనిట్లు తీసివేయండి. ఎన్ని రూపాయలు తగ్గాయి? మరో 120 తీస్తే ఎన్ని తగ్గాయి?

4. మీ డాబా మీద ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 3 గంటలకు నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గుర్తుపెట్టండి. నీళ్ళ ట్యాంకు నీడను మరచిపోవద్దు. ఫలకాలు దక్షిణంవైపు వాలి ఉండాలి. విజయవాడ వంటి చోట ఆ వాలు సుమారు 16 డిగ్రీలు, అంటే ఇంచుమించు ఆ ఊరి అక్షాంశమంత.

5. ఒక ఇంటివారు నెలకు 260 యూనిట్లు వాడుతున్నారు. ఈ వ్యాసంలోని ఆంధ్రప్రదేశ్ ధరల ప్రకారం మొదటి కిలోవాటు వారికి నెలకు ఎంత మిగులుస్తుంది? చేతినుంచి పెట్టిన 30 వేలు ఎన్నాళ్ళకు తిరిగి వస్తాయి?

(అయిదో ప్రశ్నకు జవాబు: బిల్లు 1,323.25 నుంచి 507 రూపాయలకు తగ్గుతుంది. మిగిలేది 816 రూపాయల 25 పైసలు. డబ్బు సుమారు 3 సంవత్సరాల ఒక నెలకు తిరిగి వస్తుంది.)

మీ ఇంటికి ఎవరైనా సౌరఫలకాలు అమ్మటానికి వచ్చి, మీకు మూడు కిలోవాట్లు కావాలని చెబితే, "మూడో కిలోవాటు మా బిల్లులో ఏ శ్లాబు యూనిట్లను తీసివేస్తుంది?" అని అడగండి. జవాబు చెప్పటానికి ఆయన మీ బిల్లు చూపించమంటే, సరైన మనిషి వచ్చినట్లే.